అమ్మతో లండన్: అద్దాల గదిలో అమరావతి

లండన్‌లో ఎక్కడ దిగాలని అడిగితే మనవాళ్లు మామూలుగా ఈస్ట్‌హామ్ అనో హౌన్‌స్లో అనో చెబుతారు. మన తిండి దొరుకుతుంది, అద్దె తక్కువ. నిజమే. కానీ డెబ్బై దాటిన తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని, అదీ బొమ్మలూ శిల్పాలూ చూడ్డానికి వెళ్తుంటే మాత్రం నేను బ్లూమ్స్‌బరీ అంటాను. ఖర్చు ఎక్కువే. అయినా గది నుంచి బ్రిటిష్ మ్యూజియానికి పది నిమిషాల నడక ఉండబట్టే మా ప్రయాణం సాగింది.

అసలు ఈ ప్రయాణం నాన్నది. ఆయన పుట్టింది అమరావతి పక్కనే ఉన్న ధరణికోటలో. ఉద్యోగమంతా గుంటూరులో ఒక పొగాకు కంపెనీలో, గ్రేడింగ్ దగ్గర. ఆకు చేతిలోకి తీసుకుని రంగూ నిమ్మూ చెప్పడమే తప్ప కళల జోలికి పోయిన మనిషి కాదు. ఒకసారి కంపెనీ పనిమీద మద్రాసు వెళ్లి, రైలుకి ఇంకా టైముందని ఎగ్మోర్ మ్యూజియంలోకి తొంగిచూశాడట. లోపల చూస్తే అమరావతి బౌద్ధ స్తూపం తాలూకు శిల్పాలు. చిన్నప్పుడు గేదెల్ని తోలుకెళ్లిన దిబ్బ తాలూకు రాళ్లు ఇవా అని నోరెళ్లబెట్టాడు. మిగతావి లండన్‌లో ఉన్నాయని అక్కడ ఎవరో చెప్పారు. అప్పట్నుంచి మా ఇంట్లో అదే పాట. "దొరలు వాటిని ఎట్లా పెట్టుకున్నారో ఒక్కసారి చూసి రావాలి" అనేవాడు. ఆయన రిటైరై, మోకాళ్ల నొప్పులు మొదలై, ఇక ఆగితే లాభం లేదని నేనే పట్టుబట్టి ముగ్గురికీ వీసాలు చేయించాను. వీసాలు వచ్చిన నెలలోనే గుండెపోటుతో పోయాడు. అస్థికలు అమరావతి రేవులో కలిపాం.

ఇలాంటప్పుడు డబ్బు లెక్కలు మాట్లాడటం బాగుండదు గానీ, ఎవరికైనా పనికొస్తాయని చెబుతున్నాను. బ్రిటన్ విజిటర్ వీసా మామూలుగా ఆరు నెలలకిస్తారు. ఫీజు వెనక్కి రాదు. మాసికాలు నడుస్తుండగా అమ్మ గడప దాటనంది కాబట్టి మా ఇద్దరి వీసాలూ మురిగిపోయాయి. మరణ ధ్రువపత్రం పంపితే విమాన సంస్థ నాన్న టికెట్టు డబ్బు పూర్తిగా ఇచ్చేసింది. మా టికెట్లకీ కొంత కోతతో ఇచ్చింది. ఆ డబ్బు మా చేతికి రావడమే కష్టమైంది. టికెట్లు కొన్నది ఒక ఏజెంటు దగ్గర. ఇవాళ, రేపు అంటూ నెలల తరబడి తిప్పి, చివరికి సర్వీస్ చార్జీ మినహాయించుకుని ఇచ్చాడు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు టికెట్లు నేరుగా విమాన సంస్థ దగ్గరే కొనుక్కోవడం మేలు. హోటల్ గదులకైతే కాస్త ఎక్కువైనా చివరిదాకా రద్దు చేసుకునే వీలున్న రేటే తీసుకోండి. మాకు అక్కడ మాత్రం పైసా పోలేదు.

సంవత్సరీకం అయ్యాక అమ్మే కదిపింది. "ఆయన చూడాలన్నది మనమన్నా చూసొద్దామే" అంది. మళ్లీ హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలిచ్చాం, మళ్లీ ఫీజు కట్టాం.

శంషాబాద్ నుంచి హీత్రూకి నేరుగా వెళ్లే విమానం ఉంది. గల్ఫ్‌లో మారే టికెట్టు చవకే కానీ, అర్ధరాత్రి ఒక విమానాశ్రయంలో దిగి మళ్లీ ఎక్కడం, మళ్లీ తనిఖీ, ఇవన్నీ అమ్మ మోకాళ్లతో నావల్ల కాదనుకున్నాను. వీల్‌చైర్ కావాలని ముందే రాయిస్తే డబ్బేమీ తీసుకోరు. దానివల్ల ఇమిగ్రేషన్ దగ్గర క్యూలో నిలబడే బాధ కూడా తప్పింది. సామాను విషయంలో ఒక్క జాగ్రత్త. మన దేశం నుంచి పాల పదార్థాలూ మాంసమూ బ్రిటన్‌లోకి తీసుకెళ్లకూడదు. నెయ్యి పాల పదార్థమే. అమ్మ కాచి సీసాలో పోసుకున్న నెయ్యి హైదరాబాద్‌లో మా పిన్ని ఇంట్లో దిగిపోయింది. గోంగూర పచ్చడి, కందిపొడి, కారం పొట్లం మాత్రం మాతో వచ్చాయి.

హీత్రూ నుంచి ఊళ్లోకి రెండు దార్లు. పికడిలీ లైన్ మెట్రో రైల్లో కూర్చుంటే మారే పనిలేకుండా గంటలో రసెల్ స్క్వేర్‌లో దిగొచ్చు, చవక. కాకపోతే ఆ స్టేషన్ పాతది, చాలా లోతు. లిఫ్టు ఉంది గానీ మెట్లు పూర్తిగా తప్పవు. 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్‌లో టికెట్టు ధర ఎక్కువ, సుఖం కూడా ఎక్కువే. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో దిగితే ప్లాట్‌ఫాం నుంచి రోడ్డు మీదికి లిఫ్టులోనే రావచ్చు. సామానూ పెద్దవాళ్లూ ఉంటే ఇదే ఎక్కండి. ఊళ్లో తిరగడానికి ఎర్ర బస్సు హాయి. ఎంత దూరమైనా ఒకటే చార్జీ, గంటలోపు మారే బస్సులకి మళ్లీ కట్టక్కర్లేదు. ఒక కార్డు మీద ఒక మనిషే ఎక్కాలి. అమ్మకి విడిగా ఫారెక్స్ కార్డు ఇస్తే, బస్సెక్కిన ప్రతిసారీ దాన్ని టక్కున ఆనించి ఎంతో సంబరపడేది.

హోటల్ దగ్గర మాత్రం మొదట్లోనే దెబ్బ తిన్నాం. బ్లూమ్స్‌బరీలో పాతకాలపు ఇళ్లనే హోటళ్లుగా మార్చారు. ముందువైపు చూస్తే అందంగా ఉంటాయి. మేం దిగినదాంట్లో లిఫ్టు ఉందని రాశారు. ఉంది కూడా, రిపేర్‌లో ఉంది. గది మూడో అంతస్తులో. మెట్లు ఇరుకు, కార్పెట్ పరిచి ఉన్నా కాలు జారుతుంది. గదిలో పెట్టె తెరిస్తే ఇక మనిషి నిలబడే చోటు లేదు. కింద గది ఇమ్మంటే, లేదని నవ్వుతూ చెప్పారు. అంత మర్యాదగా లేదనడం నేనెక్కడా వినలేదు. ఒక్క రాత్రి ఉండి, దగ్గర్లోనే చిన్న వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారాం. రేటు ఒకటిన్నర రెట్లు. కానీ రెండు స్టవ్వులు, చిన్న ఫ్రిజ్, వెడల్పాటి లిఫ్టు. అమ్మ పొద్దున్నే అన్నం వార్చి, కందిపొడిలో నూనె కలుపుకుని తిని బయల్దేరేది. భోజనం ఖర్చులో మిగిలిందే చాలావరకు ఆ తేడాకి సరిపోయింది. ఇల్లు వదిలొచ్చిన దిగులు కూడా స్టవ్వు దగ్గర నిలబడితే కాస్త తగ్గేదనుకుంటాను.

ఇక మ్యూజియం. బ్రిటిష్ మ్యూజియానికి టికెట్టు లేదు. ఏ టైముకి వస్తారో వెబ్‌సైట్‌లో చెప్పుకుంటే చాలు. జనమంతా గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ వైపు పెద్ద గేటు దగ్గరే పోగవుతారు. మీరు చుట్టూ తిరిగి వెనక మాంటేగ్ ప్లేస్ గుమ్మంలోంచి రండి. అక్కడి నుంచి 33వ నంబరు గది దగ్గర. చైనా, దక్షిణాసియా వస్తువులతో చాలా పొడవుగా ఉంటుంది. దాని చివర అద్దాలు బిగించిన 33ఎ అమరావతి గది. 1992లో తెరిచారు. ఏ గది మూసి ఉంటుందో వెబ్‌సైట్‌లో పెడతారు, బయల్దేరే ముందు చూసుకోండి.

లోపల అడుగుపెట్టగానే అమ్మ, "ఇది మన పల్నాటి రాయే కదే" అంది. అవును, ఊరంతా పాలరాయి అంటుంది గానీ అది పల్నాటి సున్నపురాయి. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చే రాయి లాంటిదే. అమరావతి స్తూపం రాళ్లు కూడా ఎన్నో సున్నం కింద కాలిపోయాయి. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతి పట్నం కట్టిస్తున్నప్పుడు ఆయన మనుషులు రాళ్లకోసం దిబ్బ తవ్వారు. ఆ రోజుల్లోనే ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కోలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి, ఉన్నవాటికి బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల పుస్తకం కూడా లండన్‌లోనే, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1845లో గుంటూరులో పనిచేసిన వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకీ వానకీ పడున్నాయి. 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. మొత్తం సుమారు 120 దాకా ఉంటాయి.

నేను ఇదంతా చదువుకుని వెళ్లాను కాబట్టి గడగడా చెబుతున్నాను. అమ్మ వినడం లేదు. స్తూపం చుట్టూ ఉండే ప్రాకారం పైవరస రాళ్ల ముందు నిలబడింది. వాటి పొడవునా లావాటి పూలదండని మనుషులు భుజాల మీద మోసుకుంటూ పోతుంటారు. "ఈ పిల్లాడు చూడు, బరువుకి నడుం ఎట్లా వంచాడో. పక్కవాడు ఊరికే చెయ్యి ఆనించి నడుస్తున్నాడు" అంది. చూస్తే నిజమే, దండ బరువంతా ఒకడి మీదే ఉంది. అన్ని పుస్తకాలు చదివి నేను చూడంది అదే.

మరో పలక రెండువైపులా చెక్కింది. ఒకవైపు క్రీస్తుపూర్వం నాటిది. బోధివృక్షం, దాని కింద ఆసనం, చుట్టూ చేతులు జోడించిన మనుషులు. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఎవరో దాన్నే వెనక్కి తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. అండం అనే గుండ్రటి గోపురం, గుమ్మం దగ్గర సింహాలు, గుమ్మానికెదురుగా అరుగు మీద వరసగా నిలిచిన ఐదు ఆయక స్తంభాలు. అమరావతిలో ఇప్పుడు మట్టిదిబ్బే మిగిలిన స్తూపం నిలువునా ఎలా ఉండేదో ఈ పలకలో కనిపిస్తుంది. "పాత దుప్పటి తిరగేసి కుట్టినట్టు చేశారే, మనవాళ్లే" అని అమ్మ నవ్వింది. తర్వాత మొదటివైపుకే వచ్చి, "అందరూ దణ్ణం పెడుతున్నారు, పీట మీద ఎవరూ లేరేంటే?" అని అడిగింది. ఆ కాలంలో బుద్ధుణ్ణి మనిషిగా చెక్కేవాళ్లు కాదు, పాదాలో ఆసనమో చెట్టో చెక్కితే ఆయన ఉన్నట్టే అని చెప్పాను. అదే గదిలో చక్రాల గుర్తులున్న పెద్ద పాదాల పలక కూడా చూపించాను.

నాన్న పడక్కుర్చీని పెద్దకర్మ అయ్యాక వాచ్‌మన్‌కి ఇచ్చేశాం. ఏడాదిగా అమ్మ దాని ఊసెత్తలేదు. అక్కడ ఎత్తింది. "ఇవ్వకుండా ఉండాల్సిందేమో" అంది. కాసేపాగి తనే, "ఉంచితే రోజూ చూడాలిగా" అంది. ఇక చాలు, గదికి పోదాం అంది. మేం లోపలున్నది అరగంట కూడా కాదు.

నేను బ్లూమ్స్‌బరీ అన్నది ఇందుకే. టికెట్టు కొని ఉంటే డబ్బు దండగని బలవంతంగా తిరిగేవాళ్లం. ఈస్ట్‌హామ్ నుంచి గంట ప్రయాణం చేసి వచ్చినా అంతే. మేం మాత్రం గదికెళ్లి, టీ కాచుకుని తాగి, పడుకుని, శుక్రవారం సాయంత్రం మళ్లీ వెళ్లాం. శుక్రవారాల్లో ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంటుంది, జనం పల్చబడతారు. ఆ తర్వాత కూడా అటు వెళ్లినప్పుడల్లా పది నిమిషాలు తొంగిచూసి వచ్చేవాళ్లం. దుఃఖంలో ఉన్న మనిషిని తిప్పడానికి ఉచిత మ్యూజియాలున్న ఊరిని మించింది లేదు. ప్యాకేజీ టూరులో ఇలా కుదరదు.

నేషనల్ గ్యాలరీ కూడా ఉచితమే, శుక్రవారం రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది. అక్కడ గదులు చాలా ఎక్కువ. అన్నీ చూడాలని పెట్టుకోకండి. డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన పొద్దుతిరుగుడు పూల దగ్గర ఎప్పుడూ ఫోన్లు పట్టుకున్న గుంపే. ఆ పూలు వేసిన 1888లోనే ఆయన వేసిన కుర్చీ బొమ్మ కూడా ఆ గ్యాలరీలోనే ఉంటుంది. రెండింటినీ గ్యాలరీ 1924లో కొన్నది. నులకలాంటి గడ్డితో అల్లిన మామూలు కర్ర కుర్చీ. ఎర్ర పెంకుల నేల. కుర్చీలో ఒక పైపు, విప్పిన కాగితంలో పొగాకు. వెనక పెట్టెలో ఉల్లిపాయలు మొలకలెత్తి ఉన్నాయి. పెట్టె మీద ఆయన పేరు.

అమ్మ దగ్గరికి వెళ్లి వంగి చూసింది. "పొగాకు అట్లా విప్పి పెడితే నిమ్ము ఆరిపోదూ? మీ నాన్న చూస్తే తిట్టేవాడు" అంది. ఆ ఒక్క మాటతో మొదలై, బెంచీ మీద కూర్చుని చాలాసేపు నాన్న గురించే మాట్లాడింది. సీజన్లో చొక్కాలకి పట్టే ఆ ఘాటు వాసన ఎన్ని ఉతుకులకీ పోయేది కాదని, పెళ్లైన కొత్తలో ఆ వాసనకి తల తిరిగేదని, తర్వాత ఆయన క్యాంపు వెళ్తే అదే వాసన లేక నిద్రపట్టేది కాదని. మామూలుగా గట్టిగానే మాట్లాడుతుంది, అక్కడా అంతే గట్టిగా మాట్లాడింది. గది కాపలా ఉన్న పెద్దాయన మావైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. పొద్దుతిరుగుడు పూలు చూడకుండానే బయటికొచ్చేశాం. నాకేం బాధ లేదు.

తిండి సంగతి. యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమ్మండ్ స్ట్రీట్ అని ఒక చిన్న వీధి. భేల్‌పూరీ, దోసె దొరికే శాకాహార హోటళ్లు, మన సరుకుల కొట్లు అక్కడ ఉన్నాయి. మా గది నుంచి నడిచి వెళ్లొచ్చు. దోసె ఫర్వాలేదు. సాంబారులో బెల్లం గుమ్మరించారు. అమ్మ రెండు చెంచాలు తిని పక్కన పెట్టేసింది. ఉప్మారవ్వ, పెరుగు మాత్రం అక్కడి కొట్లలోనే కొనుక్కున్నాం. అసలైన ఇడ్లీ, కారంగా ఉండే కోడికూర కావాలంటే ఈస్ట్‌హామ్‌లో హై స్ట్రీట్ నార్త్‌కి వెళ్లాల్సిందే. ఒక ఆదివారం వెళ్లాం. రేట్లు లండన్ నడిబొడ్డుతో పోలిస్తే సగం. వడ్డించిన కుర్రాడు నరసరావుపేటవాడు, ఇక్కడ చదువుకుంటున్నాడట. అమ్మ గుంటూరు అనగానే, "పెద్దమ్మా, కారం సరిపోయిందా?" అని అడిగి, అడక్కుండానే ఇంకో గరిటె కూర వేశాడు. ఊళ్లో వాళ్ల నాన్నకి ఒంట్లో బాగోలేదని, టికెట్టుకి డబ్బు కూడబెడుతున్నానని చెప్పాడు. అమ్మ బిల్లు మీద టిప్పు గట్టిగా పెట్టించింది.

ఫిష్ అండ్ చిప్స్ బాగుంది, ఆశ్చర్యపోయాను. చేప తాజాగా ఉంటే పైన పిండి కరకరలాడుతూ లోపల మెత్తగా విడిపోతుంది. చప్పగా ఉందని అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి కారం పొట్లం తీసి చల్లుకుంది, పైన వాళ్ల వెనిగర్ పోసుకుంది. నేనూ అలాగే తిన్నాను. చేపకి మన కారం, వాళ్ల పులుపు చక్కగా కలిశాయి. తినుబండారాల అంగళ్లుండే బరో మార్కెట్‌కి మధ్యాహ్నం వెళ్తే నిలబడి తినడానికి కూడా చోటుండదు, పెద్దవాళ్లతో వద్దు. మధ్యాహ్నపు టీ అని స్కోన్లూ శాండ్‌విచ్‌లూ అంతస్తుల పళ్లెంలో పెట్టిస్తారే, దానికి అంత డబ్బు పోయడం అనవసరం. ఆ సరదా తీరాలంటే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని పాత కేఫ్‌లో ఒక స్కోన్, టీ తీసుకుని కూర్చోండి. మ్యూజియంలో భోజనశాల పెట్టడం ప్రపంచంలో అక్కడే మొదలంటారు. గోడలూ పైకప్పూ చూస్తూ తాగితే ఆ టీ డబ్బు గిట్టుబాటే.

దొరలు ఎట్లా పెట్టుకున్నారని కదా నాన్న అడిగింది. బాగానే పెట్టుకున్నారు. రాతికి సరిపడే గాలి, వెలుతురు, ప్రతి ముక్క కిందా వివరం. మరి వెనక్కి ఇవ్వాలా? కొన్నైనా ఇవ్వాలంటాను నేను. ధరణికోట పిల్ల తన ఊరి శిల్పం చూడ్డానికి వీసా తీసుకోవాల్సి రావడం నాకు నచ్చలేదు. అయితే మ్యూజియం సొత్తు బయటికి ఇవ్వకుండా 1963 నాటి వాళ్ల చట్టమే అడ్డు. అమ్మ నాతో ఒప్పుకోదు. "ఇక్కడ చల్లగా ఉన్నాయి, ఉండనీ. అమరావతిలో ఉన్నవాటినే చూసే దిక్కులేదు, నువ్వు ఎన్నిసార్లు వెళ్లావేంటి?" అని అడిగింది.

ఆ మాటకి తిరిగొచ్చాక ఇద్దరం అమరావతి వెళ్లాం. గుంటూరు నుంచి గంట ప్రయాణం. పురావస్తు శాఖ మ్యూజియం చిన్నదే అయినా, లండన్ చూసొచ్చిన కళ్లతో చూస్తే ఏ ముక్క స్తూపంలో ఎక్కడ ఉండేదో ఇట్టే తెలుస్తుంది. వీలుంటే మీరు ముందు ఇదీ, విజయవాడలో బాపు మ్యూజియంలోని, అల్లూరులో దొరికిన బుద్ధ విగ్రహాన్నీ చూసి తర్వాత విమానం ఎక్కండి. అమరావతిలో తాగడానికి నీళ్లు, తినడానికి ఏదన్నా వెంట తీసుకెళ్లండి. శుక్రవారం సెలవు. ఎగ్మోర్‌లో కూడా శుక్రవారమే సెలవట. అందుకే అమ్మ చెన్నైకి బుధవారం రాత్రి రైలు చూడమంది.